లా పాజ్‌కి ఒక్కదాన్నే వెళ్తున్నా: ఎత్తు, తిండి, భద్రత గురించి చెప్పండి

సంచీ సర్దుకో · ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. ఇన్నేళ్లూ ఇక్కడి చర్చలు చదవడమే తప్ప నేనుగా రాసింది లేదు. మే నెలలో బొలీవియా వెళ్తున్నాను. ఒక్కదాన్నే, వీపున ఒక సంచితో. "అంత దూరం ఎందుకే" అని మా నాన్న ఇప్పటికే అడిగేశారు కాబట్టి ఆ ప్రశ్న మీరు అడగొద్దు. ముంబై నుంచి అడిస్ అబాబా, అక్కణ్ణుంచి సావో పాలో, తర్వాత శాంతా క్రూజ్, చివరికి లా పాజ్. ఎదురుచూపులతో కలిపి దాదాపు రెండు రోజులు.

ఆరు రోజులూ లా పాజ్‌లోనే ఉంటాను. పర్వతారోహణ లేదు, సైకిల్ సాహసాలు లేవు. ఒక ఊరిని నడిచి చూడాలని ఉంది, అంతే. భయాలు మూడు. ఒకటి ఎత్తు: నేను ఇంతవరకూ ఎక్కిన పెద్ద కొండ అరకు. రెండు తిండి: గుడ్డు తింటాను, మాంసం, చేప ముట్టను. మూడు భాష: "ఓలా", "గ్రాసియాస్" దాటి ఒక్క ముక్క రాదు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

వరంగల్ వాసి · ఏప్రిల్ 6

ఆరు రోజులు లా పాజ్‌లోనే ఏం చేస్తవమ్మా? నేను రెండేళ్ల కింద పోయిన. హారన్లు, ఏటవాలు వీధులు, డీజిల్ పొగ. సికింద్రాబాద్ స్టేషన్ రోడ్డుకు మెట్లు కట్టినట్టు ఉంటది. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఉయునిలో ఉంటవ్. పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా తెల్లటి ఉప్పు. అంత దూరం పోయి అది చూడకపోతే ఎట్ల?

సంచీ సర్దుకో · ఏప్రిల్ 6

సికింద్రాబాద్ స్టేషన్ రోడ్డుకు మెట్లా! అన్నా, మీరు వద్దని చెప్పబోయి ఇంకా ఊరించారు.

మందుల చీటీ · ఏప్రిల్ 7

నేను లా పాజ్ వెళ్లలేదు. కానీ లదాఖ్ వెళ్లి మంచాన పడి వచ్చిన మనవాళ్లను చాలామందిని చూసిన డాక్టర్ని కాబట్టి ఎత్తు సంగతి వరకూ చెప్తాను.

లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. లా పాజ్ నడిబొడ్డు సుమారు 3,640. మీరు దిగే ఎల్ ఆల్టో విమానాశ్రయం అయితే 4,060 దాకా ఉంటుంది. అంతకు ముందు ఆగే శాంతా క్రూజ్ కేవలం 400 మీటర్లు. అంటే గంట ప్రయాణంలో మూడున్నర కిలోమీటర్లు పైకి. ఒంటికి అలవాటు పడే సమయమే ఉండదు.

అక్కడ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, ఇక్కడిలాగే 21. తగ్గేది గాలి ఒత్తిడి. అందుకని ఒక్కో ఊపిరికి మీకు అందేది సముద్రతీరంలో అందేదానిలో మూడింట రెండు వంతుల లోపే. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదటి రెండు రాత్రులు మామూలే. నిద్రలో ఊపిరి కాసేపు ఆగి, మళ్లీ గబగబా అందుకున్నట్టు మెలకువ వస్తుంది. దానికి హడలిపోకండి.

అసిటాజోలమైడ్ అనే మాత్ర ఉంది. ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి. సల్ఫా మందులు పడనివాళ్లకు కుదరదు కాబట్టి మీ డాక్టర్‌తో మాట్లాడాకే. అది వేసుకుంటే వేళ్ల చివర తిమ్మిర్లు వస్తాయి, కూల్‌డ్రింక్ తాగితే చప్పగా అనిపిస్తుంది. రెండూ మందు ప్రభావమే.

నడుస్తుంటే తూలడం, మాట తికమకపడటం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం: ఈ మూడింట్లో ఏది కనిపించినా మాత్రలతో సరిపెట్టుకోవద్దు. కిందికి దిగిపోవాలి, ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

అన్నట్టు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారా?

లెక్కల మనిషి · ఏప్రిల్ 7

డాక్టర్ గారూ, అంత ఎత్తులో, అంత చలిలో ఆ దోమలే ఉండవు కదా. టీకా ఖర్చు దండగ కాదా?

మందుల చీటీ · ఏప్రిల్ 7

లా పాజ్ ఊళ్లో ఆ జబ్బు రాదు, నిజమే. కానీ మన ప్రభుత్వం ఊరిని చూడదు, దేశాన్ని చూస్తుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో బొలీవియా ఉంది, దారిలో తగిలే బ్రెజిల్ కూడా ఉంది. తిరిగొచ్చేటప్పుడు టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే మన విమానాశ్రయంలో ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుబాటు అవుతుంది, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఎప్పుడు పడితే అప్పుడు దొరకదు, ముందే కనుక్కుని వెళ్లండి.

సాంతియాగో సుబ్బు · ఏప్రిల్ 8

ఉద్యోగం చిలీలో కాబట్టి లా పాజ్ నాకు పక్క ఊరు లాంటిది, నాలుగుసార్లు వెళ్లాను. (చిలీ నుంచి వచ్చానని అక్కడ గట్టిగా చెప్పను. 1879లో మొదలైన యుద్ధంలో వాళ్ల సముద్రతీరం మొత్తం చిలీ లాగేసుకుంది. ఆ కోపం ఇంకా చల్లారలేదు.)

చెల్లెమ్మా, ముందు ఊరి రూపం బుర్రలో పెట్టుకో. ఒక పెద్ద మూకుడు అనుకో. మూకుడు అంచు మీద ఎల్ ఆల్టో. లోపలి గోడల నిండా ఎర్ర ఇటుక ఇళ్లు. అడుగున ఊరి నడిబొడ్డు. ఇంకా కిందికి జారితే సోనా సుర్ అనే డబ్బున్నవాళ్ల పేట. మన దగ్గర జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ అని ఎత్తు మీద ఖరీదు ఎక్కువ కదా, ఇక్కడ పూర్తిగా తిరగబడి ఉంటుంది. కిందికి పోయేకొద్దీ గాలి చిక్కన, చలి తక్కువ, అద్దె ఎక్కువ.

మొదటి రోజు విమానం దిగ్గానే ట్యాక్సీలో హాస్టల్‌కి వెళ్లి పడుకో. సగార్నగా వీధి వైపు హాస్టళ్లు చాలా ఉన్నాయి, కానీ అది నిట్టనిలువు వీధి. గది ఎన్నో అంతస్తులో ఉందో బుక్ చేసేముందే అడుగు. నాలుగో అంతస్తు అంటే మొదటి రోజు అది తిరుమల మెట్ల దారే.

ఊరు చూడటానికి టెలిఫెరికో చాలు. 2014లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లైన్లతో మొదలైన కేబుల్ కార్లు ఇవాళ పది లైన్లయ్యాయి. టూరిస్టుల కోసం కట్టింది కాదు, మన మెట్రో లాగా జనం ఆఫీసులకి వెళ్లే బండి. నేను పోయినసారి వెళ్లినప్పుడు టికెట్ 3 బొలీవియానోలు, లైను మారితే ఇంకో 2.

డబ్బు సంగతి. ఏళ్ల తరబడి డాలరు రేటును 6.96 దగ్గర కట్టేసి ఉంచారు. 2023 నుంచి డాలర్ల కొరత పట్టుకుని బయట రేటు వేరే దారి పట్టింది. కాబట్టి వెళ్లే వారం రేటు చూసుకుని వెళ్లు. నోట్లు కొత్తవి తీసుకెళ్లు. మూల కాస్త చిరిగినా, పెన్ను గీత ఉన్నా మొహం మీదే తిప్పి ఇచ్చేస్తారు.

తిండికి ఒక హెచ్చరిక. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని అర్థం, కానీ కోడిని వాళ్లు ఆ లెక్కలో వేయరు. "సిన్ కార్నే, సిన్ పోయో" అని రెండూ కలిపి చెప్పు. కిన్వా సూప్ చూడ్డానికి శాకాహారమే, లోపల ఎముకల రసం ఉంటుంది. అడగందే తాగకు.

గోంగూర ఫ్యాన్ · ఏప్రిల్ 8

బియ్యం, చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్తే ఈ గొడవలన్నీ ఉండవు కదా.

సాంతియాగో సుబ్బు · ఏప్రిల్ 8

తమ్ముడూ, ఆ పని నేను చేశాను. అంత ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. నలభై నిమిషాలు ఉడికించినా అన్నం పలుకు పలుకుగానే ఉంది. చివరికి హాస్టల్ వంటగదిలో ఒక పెద్దావిడ జాలిపడి ప్రెషర్ కుక్కర్ ఇచ్చింది.

నీలిమేఘం · ఏప్రిల్ 9

నేను ఒక్కదాన్నే వెళ్లి వచ్చాను కాబట్టి భద్రత గురించి రాస్తాను. పగలు ఊరి నడుమ నాకు హైదరాబాద్‌లో కన్నా ఎక్కువ భయం వేయలేదు. వీధుల్లో సగం మంది ఆడవాళ్లే, దుకాణాలు నడిపేదీ వాళ్లే. వెనకపడటం, వెకిలి మాటలు నాకైతే ఎదురు కాలేదు. అలాగని నిర్లక్ష్యం పనికిరాదు.

నాకు జరిగింది ఇది. బస్టాండు దగ్గర ఒక కుర్రాడు, తనూ టూరిస్టేనంటూ మాట కలిపాడు. రెండు నిమిషాల్లో ఇంకొకతను వచ్చి మెడలో కార్డు చూపించి, పోలీసునన్నాడు. డ్రగ్స్ తనిఖీ, పాస్‌పోర్టూ డబ్బూ చూపించండి అన్నాడు. ఆ కుర్రాడు వెంటనే తనవి తీసి ఇచ్చేశాడు, నన్నూ ఇమ్మని తొందరపెట్టాడు. పక్కనే ట్యాక్సీ ఆగి ఉంది, స్టేషన్‌కి వెళ్దాం ఎక్కండి అంటున్నారు. ముగ్గురూ ఒకటే ముఠా అని నాకు ఆ క్షణంలో తట్టలేదు. ట్యాక్సీ ఎక్కకూడదు అన్నది ఒక్కటే గుర్తుంది. "ఒటెల్, ఒటెల్" అని అరుచుకుంటూ ఎదురుగా ఉన్న మందుల షాపులోకి దూరాను. షాపావిడ కౌంటరు దాటి వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్లు మాయం.

అసలు పోలీసులు వీధిలో మీ పర్సు లెక్కపెట్టరు. పాస్‌పోర్టు నకలు దగ్గర పెట్టుకో, అసలుది హాస్టల్ లాకర్లో ఉంచు. వీధిలో చేయెత్తితే ఆగే బండి కాకుండా ఫోన్ చేస్తే వచ్చే రేడియో ట్యాక్సీ పిలిపించుకో. బట్టల మీద సాస్ పడిందండీ అంటూ తుడవడానికి ఎవరైనా వస్తే సంచి గట్టిగా పట్టుకుని నడిచిపో, తుడుచుకోవడం తర్వాత చూసుకోవచ్చు.

రాత్రి తొమ్మిది దాటాక ఎల్ ఆల్టోలో ఒంటరిగా తిరగకు. అంతకన్నా చెప్పేదేం లేదు.

ఏలూరు మాస్టారు · ఏప్రిల్ 10

ముప్పై రెండేళ్లు సోషల్ పాఠాలు చెప్పి, "బొలీవియా రాజధాని లా పాజ్" అని పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి. రాజ్యాంగం ప్రకారం రాజధాని సూక్రే అనీ, లా పాజ్‌లో ఉన్నది ప్రభుత్వమనీ రిటైరయ్యాక తెలిసింది. ఎవరికైనా ఒక మార్కు పోయి ఉంటే క్షమించాలి.

అమ్మాయీ, మురీయో చౌకు తప్పకుండా వెళ్లు. అక్కడి పార్లమెంటు భవనం మీద గడియారం ఎడమ వైపుకి తిరుగుతుంది. 2014లో కావాలనే అలా మార్చారు. దక్షిణార్ధగోళంలో ఎండగడియారం నీడ అటే తిరుగుతుంది కదా, మా గడియారం మాకు ఎందుకుండకూడదు అని వాళ్ల వాదన. నవ్వినవాళ్లు నవ్వారు, గడియారం మాత్రం తిరుగుతూనే ఉందట.

ఇంకో ముచ్చట. అక్కడ చాలామంది మాతృభాష ఐమారా. ఆ భాషలో "నయ్రా" అంటే కన్ను, ముందువైపు, ఇంకా గడిచిన కాలం. "కిపా" అంటే వీపు వెనక, ఇంకా రాబోయే కాలం. జరిగిపోయింది చూశాం కాబట్టి కళ్ల ముందుంది, రేపటిది కనబడదు కాబట్టి వెనక ఉంది. పెద్దవాళ్లు పాత కథ చెప్తూ చేత్తో ముందుకి చూపిస్తారట. వింతగా ఉందా? మనం "ముందే చెప్పాను కదా" అన్నప్పుడు ఆ "ముందు" ఎటువైపుది? మళ్లీ "ముందు ముందు తెలుస్తుంది" అంటాం. "వెనకటికి ఒకడు" అని కథ మొదలుపెడతాం. మన పిల్లలకి ఇది వివరించడం ఐమారా కన్నా కష్టం.

సంచీ సర్దుకో · మే 11, లా పాజ్ నుంచి

వచ్చేశాను. బతికే ఉన్నాను. డాక్టర్ గారూ, మీరు చెప్పినవన్నీ వరసగా జరిగాయి.

విమానంలో ఏం తెలియలేదు. సంచి దించుకుని ఇరవై అడుగులు వేశానో లేదో, ఎవరో గుండెల మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా వెనక్కి నెట్టినట్టు అనిపించింది. నొప్పి కాదు, బరువు. షూ లేసు కట్టుకుని లేచేసరికి పరుగెత్తి వచ్చినంత ఆయాసం. హాస్టల్లో నా గది రెండో అంతస్తు (సుబ్బు అన్నా, అడిగే తీసుకున్నా). మధ్యలో ఒకసారి మెట్ల మీద కూర్చున్నాను. అటుగా వెళ్తున్న ఒక ముసలాయన, ఎనభై ఏళ్లు ఉంటాయేమో, నా సంచి లాక్కుని పైకి పట్టుకెళ్లి పెట్టాడు.

కోకా ఆకులు వేడి నీళ్లలో వేసి ఇచ్చారు, మాతే దె కోకా అంటారు. ఎండుగడ్డి, గ్రీన్ టీ కలిపి కాచినట్టు ఉంది రుచి. తలనొప్పి దానివల్ల తగ్గిందో, పారాసెటమాల్ వల్ల తగ్గిందో చెప్పలేను.

సంచి తెరిస్తే కందిపొడి, కారప్పొడి ప్యాకెట్లు పూరీల్లా పొంగి ఉన్నాయి. కందిపొడి ప్యాకెట్ మూల కత్తిరించగానే పొడి తుస్సుమని చిమ్మి, కింది పడక మీదున్న జర్మనీ అమ్మాయి తువ్వాలు మీద పడింది. పరిచయం అలా అయింది.

మందుల చీటీ · మే 11

కోకా ఆకులు అక్కడ చట్టబద్ధం, ఇక్కడ కాదు. టీ బ్యాగులైనా సరే, జ్ఞాపకం కోసం అంటూ ఒక్కటి కూడా తీసుకురావద్దు. మన మాదకద్రవ్యాల చట్టంలో కోకా ఆకు కూడా ఉంది. నీళ్లు బాగా తాగండి.

సంచీ సర్దుకో · మే 13

రెండో రోజు సగం పడుకున్నాను. ఇవాళ ఒళ్లు దారికొచ్చింది, కాబట్టి పొద్దున్నే ఎరుపు లైను ఎక్కాను. వీటి స్టేషన్ల పేర్లు స్పానిష్‌లోనూ ఐమారాలోనూ రాసి ఉంటాయి.

ఒక్కో డబ్బాలో పది మంది, ఎదురెదురు బెంచీల మీద. ఎక్కే ప్రతి ఒక్కరూ లోపల ఉన్న ముక్కూ మొహం తెలియనివాళ్లకి "బ్యూనస్ దియాస్" చెప్పి కూర్చుంటారు. నాకు ఆ ఒక్కటీ బాగా నచ్చింది. ఎదురుగా ఒక పెద్దావిడ. గుండ్రటి నల్ల టోపీ తల మీద కొంచెం పక్కకి కూర్చుని ఉంది, ఎలా నిలుస్తుందో తెలియదు. రెండు జడలు, వాటి చివర్లు కలిపి కట్టిన కుచ్చులు. కుచ్చిళ్ల మీద కుచ్చిళ్లు ఉన్న లంగా, దాన్ని పొల్యేరా అంటారు. అలా కట్టుకున్నవాళ్లను చోలిత అంటారు. ఒకప్పుడు అది తిట్టు, ఇప్పుడు వాళ్లే గర్వంగా చెప్పుకునే మాట. వీపున రంగురంగుల దుప్పటి మూట. మూట కదిలింది. చూస్తే లోపల మనవడు, నిద్రలో.

కిందికి చూస్తే శ్మశానం. సమాధులు నేల మీద కాదు, ఫ్లాట్లలాగా అంతస్తుల మీద అంతస్తులు, ఒక్కోదానికి చిన్న అద్దం తలుపు, లోపల పూలు. వీధులు, మలుపులు కూడా ఉన్నాయి. ఆ తర్వాత ఇళ్ల కప్పులు, కప్పుల మీద ఆరేసిన బట్టలు, ప్రతి మూడో కప్పు మీదా ఒక కుక్క. పైకి వెళ్లేకొద్దీ మూకుడు మొత్తం కింద పరుచుకుని, చివర ఇల్లిమాని కొండ, 6,438 మీటర్లు, నెత్తిన మంచుతో. నేను ఫోటో తీస్తుంటే ఆ పెద్దావిడ అటు చూడనైనా లేదు, రోజూ చూసేదేగా.

పైన దిగితే ఎల్ ఆల్టో. గురువారం, ఆదివారం అక్కడ సంత జరుగుతుంది. నేను వెళ్లింది ఆ రెండూ కాని రోజు, నా తెలివికి దణ్ణం. ఆ వీధుల్లో ఆకుపచ్చ, నారింజ రంగుల్లో అద్దాలూ కోణాలూ ఉన్న మేడలు కనిపిస్తాయి. కింద దుకాణాలు, మధ్యలో ఫంక్షన్ హాలు, పైన యజమాని ఇల్లు. చోలెట్ అంటారట. ఫ్రెడ్డీ మమానీ అనే ఐమారా ఆర్కిటెక్ట్ మొదలుపెట్టిన తీరు ఇది. గోదావరి జిల్లాల్లో కొత్త మేడలకు వేసే రంగులు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, కానీ హాలు లోపలికి తొంగిచూశాక నోరు మూసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మినీబస్ ఎక్కాను. తలుపు దగ్గర ఒకమ్మాయి ఊపిరి తీసుకోకుండా ఊళ్ల పేర్లు అరుస్తోంది. అచ్చం మన షేర్ ఆటో పాటే, అర్థం కాకపోయినా రాగం తెలుసు. దిగాలంటే "ఎస్కీనా, పోర్ ఫవోర్" అని అరవాలి, మూల దగ్గర ఆపమని. మొదటిసారి సిగ్గుపడి గొణిగాను, రెండు స్టాపులు దాటిపోయింది.

క్రీజు దాటకు · మే 13

హెర్నాండో సిలేస్ స్టేడియం చూశారా? 2009లో అక్కడ బొలీవియా 6, అర్జెంటీనా 1. మెస్సీ ఆడాడు, కోచ్ మారడోనా. మెట్ల మీద కూర్చుండిపోయానని సిగ్గుపడకండి, మీతో పాటు పెద్దవాళ్లే ఉన్నారు.

లెక్కల మనిషి · మే 14

రోజుకి ఎంతవుతోంది? లెక్క చెప్పకుండా వర్ణనలు చాలా బాగున్నాయి.

సంచీ సర్దుకో · మే 15

లెక్కల మనిషి గారూ, పడక వదిలేస్తే తిండికీ తిరగడానికీ నాకు రోజుకి వెయ్యి రూపాయలు దాటలేదు. ప్రాణం తీసింది విమానం టికెట్లే, ఆ అంకె ఇక్కడ రాస్తే మా నాన్న చూస్తారు.

ఇవాళ తివనాకు శిథిలాలకు వెళ్లాల్సింది. పొద్దున్న ఏడింటికి బస్సు దగ్గరికి వెళ్తే డ్రైవర్ ఒకే మాట: "బ్లోకెయో". రోడ్డుకి అడ్డంగా రాళ్లు పెట్టి ధర్నా. ఎప్పుడు తీస్తారంటే భుజాలెగరేశాడు. చుట్టూ ఎవరికీ కోపం లేదు, మనకి కరెంటు పోయినప్పటి మొహాల్లాగే ఉన్నాయి అందరివీ.

సరేనని మంత్రగత్తెల బజారుకి వెళ్లాను. పేరు విని భయపడ్డాను కానీ అది పూజాసామగ్రి దుకాణాల వరస. అగరు, మూలికలు, రంగుల చక్కెర బిళ్లలు, పక్కనే ఎండబెట్టిన లామా పిండాలు గుత్తులుగా వేలాడుతుంటాయి. వాటిని చూసి కడుపులో తిప్పిందన్నది నిజం. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో పెట్టి పాచమామకి, అంటే భూమాతకి, సమర్పిస్తారు. మట్టి తవ్వుతున్నాం కాబట్టి ముందు ఆమెకి ఏదో ఒకటి ఇవ్వాలని లెక్క. శంకుస్థాపన ముహూర్తాలూ, గుమ్మానికి గుమ్మడికాయలూ ఉన్న ఊరినుంచి వచ్చిన నేను దాని గురించి ఏమంటాను?

తర్వాత సాన్ ఫ్రాన్సిస్కో చర్చి పక్కన లాంజా మార్కెట్లో పళ్లరసం దుకాణం. ఆడవాళ్లు వరసగా ఎత్తైన పీటల మీద కూర్చుని, ముందు మిక్సీలు పెట్టుకుని, "కసేరితా, కసేరితా" అని పిలుస్తుంటారు. కసేరా అంటే మన "ఖాతా" మనిషి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. బొప్పాయి రసం తాగాను. గ్లాసు ఖాళీ చేసి డబ్బులిస్తుంటే పక్కనున్న కాలేజీ కుర్రాడు నవ్వి, "యాపా అడగలేదేం?" అన్నాడు, సైగలతో, ఫోన్లో అనువాదంతో. యాపా అంటే ఏంటో నాలుగు రకాలుగా చెప్పబోయాడు. వాడు చెప్పడం అయిపోకముందే నాకు తెలిసిపోయింది. కొసరు! కొన్నదాని మీద ఊరికే వేసేది. నేను గ్లాసు ముందుకు పెట్టి "యాపా" అన్నాను. ఆవిడ మిక్సీ జారులో మిగిలిన రసం మొత్తం వంచి గ్లాసు మళ్లీ సగం నింపింది. ఆ సగం ఆమె నాకోసం ముందే మిగిల్చి పెట్టింది. అడగకపోతే పక్కన కడిగే బకెట్లోకి పోయేది.

ఇక్కడికి వచ్చాక ఏ ఇంగ్లీషు మాటా అక్కరలేకుండా అర్థమైన మొదటి మాట అదే.

గోంగూర ఫ్యాన్ · మే 15

జనవరి 24న వెళ్లి ఉండాల్సింది. అలసీతాస్ అని ఒక జాతర ఉంటుంది. మనకి ఏం కావాలో దాని బుల్లి బొమ్మ కొనుక్కుని మధ్యాహ్నం పన్నెండింటికి దీవెన పట్టించుకోవాలి. ఇల్లు, కారు, డాలర్ల కట్టలు, వీసా ముద్ర ఉన్న బుల్లి పాస్‌పోర్టులు కూడా అమ్ముతారు. చిలుకూరులో ప్రదక్షిణలు చేసి అలిసిపోయినవాళ్లకి ఇది నయం.

ఏలూరు మాస్టారు · మే 16

ఆ బ్లోకెయో సంగతి. అమ్మాయి మూకుడు అంచు మీద నిలబడి కిందికి చూసింది కదా. ఊరికి వచ్చే పెద్ద రోడ్లు చాలామటుకు ఆ అంచు మీదుగానే దిగాలి. అంచు ఎవరి చేతిలో ఉంటే ఊరి గొంతు వాళ్ల చేతిలో ఉన్నట్టే. 1781లో తుపాక్ కటారి, ఆయన భార్య బార్తొలీనా సీసా ఐమారా సేనలతో ఎల్ ఆల్టో మీద కూర్చుని స్పెయిన్ వాళ్ల చేతిలో ఉన్న ఊరిని నెలల తరబడి దిగ్బంధించారు. కింద జనం తిండి లేక చచ్చారు. చివరికి ఆయన్ని పట్టుకుని గుర్రాలకు కట్టి లాగించారు. 2003 అక్టోబరులో గ్యాస్ ఎగుమతి గొడవలప్పుడు మళ్లీ అదే ఎల్ ఆల్టో రోడ్లు మూసింది, అధ్యక్షుడు సాంచెస్ దె లొసాదా దేశం వదిలి పోయాడు. బస్సు డ్రైవర్ భుజాలెగరేశాడంటే దాని వెనక రెండున్నర శతాబ్దాల అనుభవం ఉంది.

సంచీ సర్దుకో · మే 24, ఇంటి నుంచి

క్షేమంగా చేరాను. ముంబైలో పసుపు కార్డు అడిగారు, చూపించాను. నా వెనకున్న ఒకాయన దగ్గర లేదు, ఆయన్ని పక్కకి పిలిచారు.

తర్వాత వెళ్లేవాళ్లకి మిగిలినవి రాసేస్తాను. మే నెల మంచిది, వానలుండవు. ఎండ మాత్రం చర్మం ఒలిచేస్తుంది, అదే నీడలోకి వెళ్తే స్వెటర్ కావాలి. రోడ్డు దాటేటప్పుడు జీబ్రా వేషాల్లో కుర్రాళ్లు గంతులేస్తూ బండ్లు ఆపి దాటిస్తారు. 2001 నుంచి ఉన్న పద్ధతి అది. నన్ను చెయ్యి పట్టుకుని దాటించారు. తిండికి పొద్దున్న "ఆపి" అనే పానీయం తాగండి, ఊదా రంగు మొక్కజొన్నతో చిక్కగా, వేడిగా కాస్తారు, తోడుగా జున్ను పెట్టి నూనెలో వేయించిన పెద్ద పూరీ. ఉమింత అనే మొక్కజొన్న పొట్లం కూడా శాకాహారమే, కాకపోతే కొన్నిచోట్ల పందికొవ్వు కలుపుతారు, అడగండి. చూన్యో నాకు నచ్చలేదు. రాత్రి గడ్డకట్టించి, పగలు కాళ్లతో తొక్కి నీరు తీసి ఎండబెట్టిన బంగాళాదుంప. మన ఒరుగుల్లాంటిదే, ఏళ్ల తరబడి నిలవుంటుంది. గొప్ప ఉపాయమే, వాసన మాత్రం తడిసిన గోనెసంచిలా ఉంది.

వరంగల్ వాసి · మే 24

మొత్తానికి ఉయుని పోలేదు.

సంచీ సర్దుకో · మే 24

పోలేదన్నా. మీరు తిట్టినవన్నీ చూసొచ్చాను.

గోంగూర ఫ్యాన్ · మే 25

అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. పచ్చడి ఏమైనా ఉంటుందా అక్కడ?

సంచీ సర్దుకో · మే 26

ఉంది! ల్యాహ్వా అంటారు, ప్రతి బల్ల మీదా ఒక చిన్న గిన్నెలో పెడతారు. టమాటా, లొకోటో అనే లావుపాటి మిరపకాయ, కిర్కీన్యా అనే ఆకు, ఉప్పు. అన్నీ పచ్చివే, ఉడికించరు. హాస్టల్ పక్కన భోజనం పెట్టే ఆవిడ నన్ను వంటగదిలోకి పిలిచి చూపించింది. బతాన్ అని ఒక చదును రాయి, దాని మీద అర్ధచంద్రం లాంటి బరువైన రాయి. మనలా ముందుకీ వెనక్కీ జరపరు, ఉయ్యాల ఊపినట్టు ఇటూ అటూ ఊపుతారు. లొకోటో కోస్తే గింజలు నల్లగా ఉంటాయి, నువ్వుల్లాగా. ఒక్క గింజ నాకి చూశాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకి నా మీద గౌరవం పెరిగింది, చివరి రెండు రోజులూ నా కంచంలో రెండు చెంచాలు ఎక్కువ వేసింది.

ఇంటికొచ్చాక ఆదివారం సన్నికల్లు కడిగి, లొకోటో బదులు పచ్చిమిర్చి, కిర్కీన్యా బదులు కొత్తిమీర వేసి, ఆవిడ చేసినట్టే ఊపుతూ నూరాను. అమ్మ వేలు పెట్టి నాకి చూసింది.

"టమాటాలు వేయించడం మర్చిపోయావు. తాలింపు కూడా పెట్టలేదు" అంది.